ఆ డబ్బా ఎందుకు నిండి ఉంది?

(హనుమకొండలోని ఒక కాలనీలో జరిగిన బాలల దినోత్సవ సభలో ఒక విశ్రాంత హెడ్ నర్సు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, అంగన్‌వాడీ టీచర్లకు, ఆయమ్మలకు, పిల్లలను ఒళ్లో పెట్టుకొని వచ్చిన తల్లులకు, వెనక గోడకు ఆనుకొని నిలబడిన తండ్రులకు నమస్కారం. ఒక్కొక్కరినీ పేరుపేరునా తలచుకోవడం మర్యాదే అయినా, చంటిపిల్లలు ఎంతసేపు ఊరుకుంటారో ముప్పై మూడేళ్లు పిల్లల వార్డులో పనిచేసిన నాకు తెలుసు కనుక నేరుగా విషయంలోకి వస్తాను.

ఆహ్వాన పత్రంలో నా ప్రసంగానికి ‘ఇంట్లో పిల్లల భద్రత – తల్లి బాధ్యత’ అని పేరు పెట్టారు. అందులో మొదటి సగం గురించి మాట్లాడటానికే వచ్చాను. రెండో సగంతో నాకు పేచీ ఉంది. ఆ పేచీ ఎక్కడ మొదలైందో కాసేపట్లో చెబుతాను.

మనది చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయులు మనకు విడిచిపోయినవి. ఊళ్లోనే భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు ఉన్నాయి. కాబట్టి నీళ్లంటే మనకు భయం తెలియక కాదు. కొత్తగా నడక వచ్చిన పిల్లవాడు చెరువు వైపు అడుగు వేస్తే దారిన పోయేవాళ్లు కూడా కేకలు వేస్తారు. సద్దుల బతుకమ్మ నాడు కట్ట మీద ఎవరూ పిల్లల చేయి వదలరు. అదే పిల్లవాడు బాత్‌రూమ్ వైపు పాకుతూ పోతే మాత్రం, ఇంట్లోనే ఉన్నాడు కదా అని మన పని మనం చేసుకుంటాం. నీళ్లలో పడ్డారని మా వార్డుకు తెచ్చిన ఏడాది, ఏడాదిన్నర పిల్లల్లో ఎక్కువమంది చెరువు దగ్గర నుంచి రాలేదు. బకెట్లో పడి, గోలెంలో పడి, హౌజులో పడి, మూత తీసి మరిచిన సంపులో పడి, ఇంట్లో నుంచే వచ్చారు.

వీటన్నింటిలోనూ నన్ను ఎక్కువ భయపెట్టేది 20 లీటర్ల రంగుల డబ్బా. ఇంటికి రంగులు వేయించాక మిగిలే ఆ ప్లాస్టిక్ డబ్బాను పారేయడానికి మనకు మనసు రాదు. గట్టిగా ఉంటుంది, పదేళ్లయినా పగలదు, మూత ఒక్కటే మొదటి వారంలో ఎటో పోతుంది. దాని ఎత్తు సుమారు అడుగుంబావు, అంటే అప్పుడే నిలబడటం నేర్చిన బిడ్డకు పొట్ట దాకా వస్తుంది. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగో వంతు తలే ఉంటుంది, రెండేళ్లు నిండినా ఐదో వంతుకు తగ్గదు. అందుకని అంచు పట్టుకొని లోపలికి తొంగిచూసిన బిడ్డకు బరువంతా తల వైపు మొగ్గి కాళ్లు గాలిలోకి లేస్తాయి. ఆ తర్వాత మళ్లీ పైకి లేవడానికి చేతులకు పట్టు దొరకదు, మెడకు బలం చాలదు. డబ్బా ఒరిగిపోయినా బిడ్డ బతికేవాడు. కానీ సగం నిండిన డబ్బాలోనే 10 కిలోల నీళ్లుంటాయి, ఏడాది బిడ్డ బరువు కూడా దాదాపు అంతే, అందుకే అది కదలదు. ముక్కూ నోరూ మునగడానికి రెండు అంగుళాల నీళ్లు చాలు. అరుపు వినిపిస్తుందనీ, నీళ్లు తపతప కొట్టుకుంటాయనీ అనుకోకండి. నోరు నీళ్లలో ఉన్నప్పుడు అరుపు ఎక్కడి నుంచి వస్తుంది? ఊపిరాడక నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. పప్పుకు పోపు వేసి వచ్చేంత సేపు.

కాగితంలో దీని తర్వాత కరెంటు గురించి రాసుకున్నాను. అయితే డబ్బా మాట ఎత్తాక నాకు 1997 తప్ప మరేమీ గుర్తుకు రావడం లేదు. కనుక ఆ మాటే ముందు చెప్పనివ్వండి.

ఏప్రిల్ నెల, ఉదయం పది గంటలు. మార్కెట్లో హమాలీ పనిచేసే ఒకాయన పద్నాలుగు నెలల ఆడపిల్లను భుజాన వేసుకొని వార్డులోకి పరుగెత్తుకొచ్చాడు. కాళ్లకు వెండి పట్టీలు ఉన్నాయి, ఒకదానికి మువ్వ రాలిపోయింది. దారిలో ఎవరో నీళ్లు కక్కించాలని పిల్లను తలకిందులుగా పట్టుకొని గిరగిరా తిప్పారట. అలా తిప్పిన ప్రతి నిమిషమూ ఊపిరి అందించవలసిన నిమిషమని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. డాక్టరుగారు, నేను, మరో ఇద్దరం చేయగలిగినంతా చేశాం. లాభం లేకపోయింది. వెనకాలే వచ్చిన తల్లి తలుపు దగ్గరే ఆగిపోయింది. పిల్లను పైకి తీసినప్పుడు గుండెకు హత్తుకుందేమో, ఆమె చీర మోకాళ్ల దాకా తడిసి ఉంది. నిలబడిన చోట గచ్చు మీద నీళ్లు మడుగు కట్టాయి, ఆయమ్మ తుడిచింది, మళ్లీ కారాయి.

అప్పుడు నేను అడిగాను: “నువ్వేం చేస్తున్నవు తల్లీ అప్పుడు?”

ఆమె నా మొహంలోకి చూసి, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. “నల్లా రోజు తప్పించి రోజు వస్తది సిస్టరమ్మా. మొన్న రానే రాలె. ఇయ్యాల వచ్చిందని ఉన్న డబ్బాలన్నీ నింపుతున్న. బిందె లోపల పెట్టి వచ్చేసరికి...”

ఆమె మాట పూర్తి కాకముందే పక్కనున్న అత్త అందుకుంది: “సిస్టరమ్మ గూడ అదే అడుగుతున్నది, చెప్పు.” తెల్లచీర కట్టుకొని నేను అడిగిన ఆ ప్రశ్న ఆసుపత్రి ఇచ్చిన తీర్పయిపోయింది. అది ఆ సాయంత్రానికి వాడంతా తిరిగి ఉంటుంది. నేను ఆమెను మళ్లీ చూడలేదు. చూసి ఉంటే ఏం చెప్పేదాన్నో ఇప్పటికీ తెలియదు.

అమ్మలారా, అయ్యలారా, నేను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఆ డబ్బా ఎందుకు నిండి ఉంది, దానికి మూత ఎందుకు లేదు? నీళ్లు రోజూ వచ్చి ఉంటే ఆ ఇంట్లో అన్ని డబ్బాలు నింపే పనే ఉండేది కాదు. డబ్బాలు వాకిట్లో కాక గడియ పెట్టిన తలుపు వెనక ఉండి ఉంటే, వాటి మీద ఒక రేకు, రేకు మీద ఒక రాయి ఉండి ఉంటే, ఆమె బిందె లోపల పెట్టి నింపాదిగానే వచ్చి ఉండేది.

సంస్కృతంలో ‘ప్రమాదం’ అన్న మాటకు ఏమరుపాటు అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి అది ఆపద అయింది. మా రిజిస్టర్లలోనేమో ‘ప్రమాదవశాత్తు’ అయి, రాత వల్ల, గాచారం వల్ల జరిగిందన్న అర్థంలో కూర్చుంది. బయట మాత్రం ఆ పాత అర్థం తల్లి ఒక్కదానికే మిగిలింది: అందరికీ అది గాచారమైతే ఆమెకు ఏమరుపాటు. పొయ్యి, నల్లా, పాలు, ముసలివాళ్ల మందులు, పెద్దపిల్లవాడి బడి సంచీ, ఇన్ని చూసుకునే మనిషి రోజుకు పద్నాలుగు గంటలు రెప్ప వేయకుండా ఉండాలనడం జరిగే పని కాదు. రెప్ప వేసినా బిడ్డ బతికేలా ఇల్లు ఉండాలి.

నీళ్లలో మునిగి పోయే ప్రాణాల గురించి ప్రపంచం కూడా ఈమధ్యే కళ్లు తెరిచింది. 2021 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి జూలై 25ను ఇందుకోసం ఒక దినంగా ప్రకటించింది. దినాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు కానీ, బంగ్లాదేశ్ పల్లెల్లో జరిగిన ఒక పని మీద ఉంది. అక్కడ ఇంటి పక్కనే కుంటలుంటాయి. తల్లులు పనిలో ఉండే పూటే పిల్లలు మునిగిపోతున్నారని గుర్తించి, ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా ఏడాది నిండిన పిల్లలను ఊళ్లోనే ఒక చోట చేర్చి చూసుకునే ఏర్పాటు చేశారు. దానికి పెట్టిన పేరు ‘ఆంచల్’, అంటే కొంగు. చావులు బాగా తగ్గాయి.

ఇక్కడ అంగన్‌వాడీ టీచర్లను ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మీ కేంద్రాలు 1975 నుంచి నడుస్తున్నాయి. మూడేళ్లు దాటిన బిడ్డ మీ దగ్గర కూర్చుంటుంది. మూడేళ్లలోపు బిడ్డకు బాలామృతం అనే పోషకాహార పిండి ప్యాకెట్ ఇంటికి పంపుతారు గానీ, ఆ బిడ్డను పూటంతా ఉంచుకునే ఏర్పాటు చాలాచోట్ల లేదు. డబ్బాలో పడే వయసు సరిగ్గా ఆ ప్యాకెట్ వయసే. ఇది మీరు చేయగలిగింది కాదని తెలుసు. అయితే ప్యాకెట్ ఇవ్వడానికి ఆ గడప తొక్కేది మీరే. ఇచ్చి వచ్చేముందు వాకిట్లో ఉన్న డబ్బాను ఒకసారి చూడండి. మూత లేకపోతే తల్లితో కాదు, ఆ ఇంటి మగవాళ్లతో మాట్లాడండి. సంపు మూతకు తాళం, బాత్‌రూమ్ తలుపుకు బయట ఎత్తులో గడియ, ఇవి ఒక పూట పని.

ఇక మిగిలినవి త్వరగా చెబుతాను. చలి మొదలైంది, అటక మీది హీటర్ రాడ్లు ఈ వారంలోనే దిగుతాయి. బకెట్లో రాడ్ పెట్టి పిల్లలున్న ఇంట్లో తలుపు తీసి ఉంచకండి. నీళ్లు 60 డిగ్రీలు దాటితే పెద్దవాళ్ల చర్మమే ఐదారు సెకన్లలో లోతుగా కాలుతుంది, పిల్లలది ఇంకా పలచన. తోడేటప్పుడు చన్నీళ్లు ముందు పోసి వేన్నీళ్లు తర్వాత పోయండి. మీటరు పెట్టె దగ్గర ఆర్‌సీసీబీ పెట్టించండి, అంటే 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కకు లీకైనా సరఫరా తెంచేసే స్విచ్చి. ఇంట్లో ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చి, ఉందిగా అంటారు, అది వైర్లను కాపాడుతుంది, పిల్లవాడిని కాదు. కాలితే పేస్టు, సిరా, పసుపు ఏవీ వద్దు, 20 నిమిషాలు నల్లా కింద పట్టి ఉంచండి. పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందును కూల్‌డ్రింకు సీసాలో పోసి దాచే అలవాటు మన జిల్లాలో ఇంకా పోలేదు. ఆ సీసాను చూస్తే పిల్లవాడికి తీపి గుర్తుకొస్తుంది. తాగితే వాంతి చేయించకుండా, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకురండి. కిరసనాయిలు తాగినా అంతే, వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నాలుగేళ్లు నిండేదాకా గుండు పల్లీలు చేతికివ్వకండి. నీళ్లలో పడిన బిడ్డను తిప్పవద్దు, పొట్ట నొక్కవద్దు. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊది, ఛాతీ నొక్కడం మొదలుపెట్టి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. ఎలా ఊదాలో, ఎక్కడ నొక్కాలో బొమ్మ మీద చూపించడానికి మళ్లీ ఒక ఆదివారం వస్తాను, తండ్రులు వస్తామంటేనే.

వచ్చేటప్పుడు చూశాను, షామియానా వెనక చేతులు కడుక్కోవడానికి పెట్టిన నీళ్లు కూడా రంగుల డబ్బాలోనే ఉన్నాయి. అధ్యక్షులవారు మన్నించాలి, నేను దాన్ని అప్పుడే ఒంపేశాను. భోజనాలు సిద్ధమైనట్టున్నాయి, సాంబారు వాసన వస్తోంది. ఆ గంజు ఇంకా నేల మీదే ఉంది. వెనక నిలబడిన అన్నల్లో ఇద్దరు వెళ్లి దాన్ని ఎత్తు బల్ల మీదికి ఎక్కించండి, ఆ తర్వాత పిల్లలను పిలుద్దాం.