వెలిసిన కారు రంగుకు ఇంటి దగ్గరే మెరుగు

శ్రోతలకు నమస్కారం.

దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వంటి మన ఊళ్ళలో ఏ వీధిలో నడిచినా, ఇంటి ముందు ఆరుబయట నిలిపిన పాత కారు ఒకటైనా కనిపిస్తుంది. దాని తలుపుల రంగు బాగానే ఉంటుంది. బానెట్టు, టాపు, డిక్కీ మూత మాత్రం వెలిసిపోయి, చేయి వేస్తే పొడి అంటుకునేలా ఉంటాయి. అమ్మేయమని కొందరు, మొత్తం రంగు వేయించమని కొందరు ఆ యజమానికి సలహా ఇస్తుంటారు. ఈ రెండింటి కంటే ముందు ప్రయత్నించవలసిన పని ఒకటి ఉంది. ఉన్న రంగుకే ఇంటి దగ్గర, చేత్తో, ఓపికగా మెరుగు పెట్టడం. ఈరోజు ఆ పని గురించే మాట్లాడతాను.

రంగు ఎందుకు వెలుస్తుందో ముందు క్లుప్తంగా చెబుతాను. కారు రంగులో రంగుపొడి ఉంటుంది, ఆ పొడిని రేకుకు పట్టి ఉంచే రెజిన్ ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్, కాగిన రేకు వేడి కలిసి ఏళ్ళ తరబడి ఆ రెజిన్‌ను పైనుంచి తినివేస్తాయి. అప్పుడు పట్టు తప్పిన రంగుపొడి, నల్లబల్ల మీద సుద్ద మిగిలినట్టుగా, పైన మిగిలిపోతుంది. అందువల్లనే ఆకాశానికి ఎదురుగా పరుచుకుని ఉండే బానెట్టు, టాపు ముందు పాడవుతాయి. నిలువుగా ఉండే తలుపులు చాలాకాలం ఆగుతాయి. మన గంజాం తీరంలో చాలామంది గోపాలపురం ఉప్పుగాలిని తిడతారు. రంగు పగిలిన చోట రేకుకు తుప్పు పట్టించేది ఆ ఉప్పుగాలే, నిజమే; కానీ రంగు వెలిసిపోవడంలో ప్రధాన దోషం ఎండది.

పాడైనది పైపొర మాత్రమే. దాని కింద ఎండ తగలని రంగు ఇంకా ప్రాణంతో ఉంటుంది. పాడైన పొరను పలచగా తొలగించి కింది రంగును బయటికి తేవడమే మెరుగు పెట్టడం. అయితే ఆ కింది రంగు ఎంత ఉంటుందో తెలిస్తే చేయి దానంతటదే నెమ్మదిస్తుంది. ఫ్యాక్టరీలో వేసిన పూతలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంటే రెండు వెంట్రుకల మందంలోనే రంగు కింద వేసే ప్రైమరు, రంగు, పైపూత అన్నీ ఇమిడి ఉన్నాయి. కాబట్టి ఎంత తక్కువ తీస్తే అంత మంచిది. ఈ మాటను ఈ ప్రసంగంలో మళ్ళీ అంటాను.

ఇప్పుడు ఒక కారు సంగతి చెబుతాను. బరంపురం పెద్దబజారు వెనుక వీధిలో ఒక విశ్రాంత తెలుగు మేష్టారు ఉన్నారు. వారి దగ్గర 1998లో కొన్న ఎర్ర మారుతి 800 ఉంది. 1983 డిసెంబరులో మన రోడ్ల మీదికి వచ్చి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయేంతవరకు ఎన్నో మధ్యతరగతి కుటుంబాలకు మొదటి కారు అయిన బండి అది. మేష్టారి ఇంట్లో దానికి మొదట రేకుల షెడ్డు ఉండేది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఆ రేకులు ఎగిరిపోయాయి. తిరిగి వేయించడం ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకుంటూ వాయిదా పడింది. కారు ఎండకు అలాగే నిలబడింది. ఎరుపు రంగుల్లో చాలావాటికి ఎండను తట్టుకునే శక్తి తక్కువ. కొన్నేళ్ళకే బానెట్టు గులాబిరంగుకు దిగి, ఆ తర్వాత బూడిద చల్లినట్టు తెల్లబడింది. విశాఖపట్నంలో ఉన్న కుమారుడు వచ్చినప్పుడల్లా "నాన్నగారూ, తుక్కుకు ఇచ్చేయండి" అనేవారు. మేష్టారు వినలేదు. ఇంజను చక్కగా నడుస్తున్న బండిని, రంగు వెలిసిందన్న ఒక్క కారణంతో తుక్కుకు పంపడం నాకూ న్యాయమనిపించలేదు.

పుష్యమాసంలో ఒక ఉదయం ఆ కారును ఇంటికి పడమటి పక్కకు, నీడలోకి నెట్టి పని మొదలుపెట్టాము. నీడ చాలా ముఖ్యం. రేకు మీద అరచేయి ఆనిస్తే చల్లగా తగలాలి. వేడిగా ఉంటే పాలిష్ రాసీరాయకముందే ఎండి, అట్టకట్టి, కొత్త గీతలు పెడుతుంది. డిగ్రీ చదువుతున్న మేష్టారి మనవరాలు ఒక బకెట్టులో కారు షాంపూ నీళ్ళు, మరొక బకెట్టులో గుడ్డ జాడించడానికి మంచినీళ్ళు పెట్టుకుని కారంతా కడిగింది. కడిగిన తరువాత ఒక పలచని ప్లాస్టిక్ సంచిని చేతికి తొడుక్కుని బానెట్టు మీద మెల్లగా నిమరమన్నాను. ఉత్త చేతికి నున్నగా తగిలిన రేకు, సంచిలోంచి నిమిరినప్పుడు ఇసుక పోసినట్టు గరగరలాడింది. ఏళ్ళ తరబడి రంగులో గుచ్చుకుని ఉండిపోయిన దుమ్ము, ఇనుప రజను, చెట్ల జిగురు అది. దాని మీదే పాలిష్ రుద్దితే ఆ రజనే రంగును గీస్తుంది. కారు సామాన్ల దుకాణాల్లో దొరికే, బంకమన్ను వంటి క్లే ముద్దను చదును చేసి, సబ్బునీళ్ళు చల్లుకుంటూ మెల్లగా జార్చితే ఆ మురికి క్లేకు అంటుకుని వచ్చేస్తుంది. క్లే ముద్ద నేల మీద పడితే తుడిచి మళ్ళీ వాడకండి, పారేయండి.

తరువాత రబ్బరు బీడింగులకు, నల్ల ప్లాస్టిక్ భాగాలకు మాస్కింగ్ టేపు అంటించి, బానెట్టు నడిమధ్యన ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు చదరాన్ని కూడా టేపుతో గుర్తు పెట్టాము. ఆ అమ్మాయి చేయి నేరుగా కాంపౌండు, అంటే రంగును ఎక్కువగా కోసే గరుకు పాలిష్, సీసా మీదికి వెళ్ళింది. "ముందు సన్నని పాలిష్ తీసుకో అమ్మా, అది చాలకపోతే అప్పుడు కాంపౌండు" అన్నాను. శ్రోతలారా, ఈరోజు నేను చెప్పదలచిన అసలు విషయం ఈ ఒక్క అడుగు చదరమే. కారంతా రుద్దడానికి ముందు ఒక్క అడుగు చదరం. అందులోనూ ముందు సన్ననిది, ఆ తరువాత గరుకుది. ఆ చదరంలో ఏది పనిచేసిందో చూసుకుని, మిగతా కారుకు అదే చేయాలి.

తెల్లని పాత బనీను గుడ్డను మడిచి, రేగుపండంత పాలిష్ వేసి ఆ అమ్మాయి రుద్దసాగింది. గుడ్డ ఎర్రబడింది. మరికొంత రుద్దగానే ఇంకా ఎర్రబడింది. కుర్చీలోంచి చూస్తున్న మేష్టారు కంగారుగా లేచి, "అయ్యో, రంగంతా ఊడివస్తోంది బాబూ, ఆపించండి" అన్నారు. "అది చచ్చిన రంగు, మేష్టారూ. పోవలసిందే పోతోంది" అని గుడ్డను వారికి చూపించాను. మొదటి మడత మీద అంటినది ఇటుకపొడి వంటి పాలిపోయిన ఎరుపు. గుడ్డను మార్చి రుద్దుతూ పోగా, గుడ్డకు పట్టే పొడి తగ్గుతూ, దాని రంగు చిక్కని ఎరుపుకు తిరిగింది. చప్పుడు కూడా మారింది. మొదట పట్టిపట్టి లాగిన గుడ్డ తరువాత జారుతూ కదిలింది. పాలిపోయిన పొడి రావడం తగ్గి, గుడ్డ జారడం మొదలైతే ఆ చోట పని పూర్తయినట్టే, అక్కడ ఆపేయాలి. గుడ్డను చూడండి. ఎప్పుడు ఆపాలో గుడ్డే చెబుతుంది.

ఆ చదరంలో సన్నని పాలిష్ ఒక్కటే సరిపోలేదు, తెలుపు సగమే విరిగింది. అప్పుడు కాంపౌండుతో తేలికగా రుద్ది, దాని సన్నని గీతలు పోవడానికి మళ్ళీ పాలిష్ పట్టించాము. టేపు తీసి చూస్తే, బూడిదరంగు బానెట్టు మధ్య ఒక ఎర్రని చదరం, అందులో కిటికీ ఊచలు లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపించాయి. మేష్టారు కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూసి, "కొన్ననాటి రంగే ఇది, అమ్మాయ్" అన్నారు. కారంతా పూర్తి కావడానికి ఆ అమ్మాయికి చాలా ఆదివారాలు పట్టింది. రెండేసి అడుగుల చదరాలుగా విభజించుకుని, ఒకటి పూర్తిగా ముగించి తుడిచిన తరువాతే రెండవదానికి వెళ్ళేది. అన్నిటికంటే ఎక్కువ సతాయించినది టాపు. తలుపులకు మాత్రం కాంపౌండు అవసరమే రాలేదు, సన్నని పాలిష్‌తోనే తేరుకున్నాయి. అవసరం లేని చోట గరుకుది వాడకపోవడం వల్ల ఆ తలుపుల రంగు ఇంకా ఎన్నో ఏళ్ళకు మిగిలింది.

అదే బానెట్టు మీద మరొక సంగతి చూశాము. రెండు పక్కలా పొడవునా లేచి ఉండే మడతల మీద సన్నని బూడిదరంగు చార ఉంది. అది వెలిసిన రంగు కాదు, ప్రైమరు. వెనుకటికి ఎవరో ఒక మెకానిక్కు షాపులో మెషిన్‌తో పాలిష్ పట్టినప్పుడు ఆ మడత మీది రంగంతా కోసుకుపోయింది. అంచుల మీద, మడతల మీద రంగు పలచగా ఉంటుంది, పైగా రుద్దే ఒత్తిడంతా అక్కడే పడుతుంది. అందుకే వాటిమీద టేపు వేసి ఉంచి, చివరలో తీసి, చేత్తో తేలికగా ఒకటి రెండుసార్లు నిమిరి వదిలేయాలి. ప్రైమరు బయటపడిన చోట ఏ పాలిష్ రుద్దినా రంగు రాదు. అక్కడ కొత్త రంగు వేయవలసిందే.

మెషిన్ కొనాలనుకునేవారికి ఒక మాట. డ్యూయల్ యాక్షన్ పాలిషర్ అనేది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం తగ్గిపోతుంది కనుక కొత్తవారి చేతిలో కూడా ప్రమాదం తక్కువ. ఇనుము కోసే గ్రైండరుకు పాలిష్ ప్యాడు తగిలించి కారు మీద పెట్టడం మన గ్యారేజీలలో కనిపిస్తుంది. చాలా గ్రైండర్లు నిమిషానికి 11,000 చుట్ల వరకు తిరుగుతాయి. ఆ వేగానికి రంగు క్షణాల్లో కాలిపోతుంది. దయచేసి మీ కారు మీద దానిని పెట్టనివ్వకండి.

మేష్టారి కారులా గుడ్డకు రంగు అంటితే, అది పైన పారదర్శకమైన పూత లేని రంగు అన్నమాట. కొత్త కార్లలో, ముఖ్యంగా మెటాలిక్ రంగుల్లో, పైన క్లియర్ కోట్ అనే రంగులేని పూత ఉంటుంది. ఆ కార్లను రుద్దితే గుడ్డకు మురికి అంటుతుందే గాని కారు రంగు అంటదు. ఆ పూత సుమారు 40, 50 మైక్రాన్లే, తలవెంట్రుక కంటే పలచన. ఎండను ఆపే శక్తి ఎక్కువగా దానిలోనే ఉంది కనుక, అక్కడ మరీ పొదుపుగా తీయాలి. ఎంత తక్కువ తీస్తే అంత మంచిది. పైపూత కేవలం మసకబారి ఉంటే మెరుగు వస్తుంది. అది పొట్టులా లేచి, మచ్చలు మచ్చలుగా ఊడిపోతూ, అంచు గోటికి తగులుతూ ఉంటే మాత్రం మెరుగు పెట్టినందువల్ల ప్రయోజనం లేదు. ఆ భాగం వరకు మంచి పెయింటరు చేత రంగు వేయించుకోండి. కారంతా వేయించనవసరం లేదు.

కిరసనాయిలు, కొబ్బరినూనె రాసి తుడిస్తే వెలిసిన కారు మెరుస్తుందని చెప్పేవారు ఉన్నారు. మెరిసే మాట నిజమే, అయితే అది నూనె మెరుపు. పొడిబారిన రంగు తడిసి ఒకటి రెండు రోజులు చిక్కగా కనిపిస్తుంది, ఆ తరువాత రోడ్డు మీది దుమ్మంతా దానికే పడుతుంది. కిరసనాయిలు రబ్బరును కూడా పాడు చేస్తుంది. వాటికి పెట్టే శ్రమతో ఒక అడుగు చదరం సరిగ్గా పాలిష్ చేసుకోవచ్చునని నా అభిప్రాయం.

ఇక చివరి పని మైనం. పాలిష్ పెట్టిన రంగు తెరిచి ఉన్న రంగు. ఆరోజే మైనం పట్టించకపోతే ఎండ మళ్ళీ తన పని మొదలుపెడుతుంది. కారు మైనాల్లో పేరుపడిన కార్నౌబా, బ్రెజిల్ దేశపు తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసేది. ఆ చెట్టు తన ఆకులను ఎండకు వాడిపోకుండా కాపాడుకోవడానికి చేసుకున్న మైనమే మన కార్లను కాపాడటం నాకు ఎంతో ఇష్టమైన విషయం. పలచగా రాసి, ఆరనిచ్చి, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. మందంగా రాసినందువల్ల లాభం లేదు. మన ఎండలకు రెండు మూడు నెలలకొకసారి మళ్ళీ పట్టించాలి. ఎప్పుడన్నది నీళ్ళు చల్లి చూస్తే తెలుస్తుంది: చుక్కలు గుండ్రంగా నిలిచి జారితే మైనం ఉంది, నీరు పరుచుకుపోతే లేదు. అంట్లు తోమే సబ్బుతో కారు కడిగితే ఆ మైనం త్వరగా పోతుంది కనుక కారు షాంపూనే వాడండి. బోరునీళ్ళతో కడిగితే కారు మీదనే ఆరనివ్వకండి, తెల్లని మచ్చలు పడతాయి, వెంటనే తుడిచేయండి. పక్షి రెట్ట కనిపించిన రోజే, ముందు నీళ్ళతో నానబెట్టి తీయండి, పొడిగా గీకకండి.

షెడ్డు లేనివారు కవరు తొడుగుతారు. అది మంచిదే, కానీ దుమ్ము పట్టిన కారు మీద కవరు వేస్తే, సముద్రపు గాలికి ఆ కవరు రెపరెపలాడుతూ దుమ్మునంతా రంగు మీద రుద్దుతుంది. కడిగి, పూర్తిగా ఆరిన తరువాత తొడగండి, కింద నాడాలు బిగించి కట్టండి.

నమస్కారం.