రూట్ కాపాడేది సిస్టమ్‌ను. మీ ఫొటోలను కాపాడవలసింది మీరే

సభకు నమస్కారం.

ఇంట్లో విండోస్‌కు బదులు కొత్తగా లైనక్స్ పెట్టుకున్నవారు ముందుగా అడిగేది, ఏ యాంటీవైరస్ వేసుకోవాలని. అంతకన్నా ముందు, ఆ కంప్యూటర్‌లో పోతే మళ్ళీ దొరకనిది ఏమిటో ఆలోచించుకోవాలని నా మనవి.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల్లో మొదలై, తర్వాత లైనక్స్‌కు నమూనా అయిన యూనిక్స్, ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునే వ్యవస్థగా ఎదిగింది. అందుకే ఒకరి ఫైళ్ళ జోలికి మరొకరు పోకుండా, వ్యవస్థ మొత్తాన్ని మార్చే అధికారం రూట్ ఖాతాకే ఉండేలా దాన్ని కట్టారు. ఆ కట్టడి నేటికీ మనకు అండే. అయితే ఇంటి కంప్యూటర్‌ను వాడేది చాలావరకు ఒక్కరే. పిల్లల ఫొటోలు, బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డ్‌లు, ఇంటి కాగితాల స్కాన్లు అన్నీ మీ హోమ్ ఫోల్డర్‌లో మీ పేరు మీదే ఉంటాయి కనుక, మీ పేరుతో నడిచే మామూలు ప్రోగ్రామ్ రూట్ అవసరం లేకుండానే వాటిని చదవగలదు, చెరిపేయగలదు. సిస్టమ్ చెడితే గంటలో మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకుంటాం. ఫొటోలను అలా తెచ్చుకోలేం.

కాబట్టి అసలు జాగ్రత్త, మనం చేజేతులా నడిపించే వాటి విషయంలో ఉండాలి. వైఫై పనిచేయదు. ఎక్కడో దొరికిన ఒక ఆదేశాల వరుసను, ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో అతికిస్తాం. ఆదేశాన్ని రూట్ అధికారంతో నడిపించే సుడో, పాస్‌వర్డ్ అడుగుతుంది. టైప్ చేస్తుంటే చాలా సిస్టమ్‌లలో చుక్క కూడా కనిపించదు, కీబోర్డు పాడైందేమోనని కొత్తవారు కంగారుపడతారు. ఆ కంగారులో, నెట్ నుంచి ఫైళ్ళు దించే కర్ల్‌తో తెచ్చిన స్క్రిప్టును (ఆదేశాల ఫైలును) ఆ వరుస నేరుగా, ఆదేశాలను నడిపే బ్యాష్‌కు అందిస్తోందని, అంటే మనం ఒక్కసారైనా చూడని ఫైలుకు రూట్ అధికారం ఇస్తున్నామని గమనించం. ఆ స్క్రిప్టును ముందు ఫైలుగా దించుకుని చదవండి. అర్థం కాకపోతే నడపకండి. అలాగే అనుమతి లేదని మెసేజ్ రాగానే ఫైలు హక్కులను మార్చే ఆదేశం సీహెచ్‌మాడ్ 777 కొట్టే అలవాటు చేసుకోవద్దు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1 కలిస్తే 7. మూడు ఏడులంటే యజమానికి, గ్రూపుకు, మిగతా అందరికీ అన్ని హక్కులూ ఇచ్చేసినట్టే. రహస్య తాళంచెవి ఫైలు అలా తెరిచి ఉంటే దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని వాడటానికే ఒప్పుకోదు.

సాఫ్ట్‌వేర్‌ను మీ డిస్ట్రిబ్యూషన్ (మీరు ఎంచుకున్న లైనక్స్ రకం) సొంత రిపాజిటరీ నుంచే, అంటే దాని సాఫ్ట్‌వేర్ భాండాగారం నుంచే తెచ్చుకోండి. 2016 ఫిబ్రవరి 20న లైనక్స్ మింట్ అనే డిస్ట్రిబ్యూషన్ సైటులో చొరబడినవారు, దొంగదారి పెట్టిన ఐఎస్‌ఓకు (ఇన్‌స్టాల్ చేసే ఫైలుకు) డౌన్‌లోడ్ లింకును మళ్ళించారు. సైటే వారి చేతికి చిక్కితే ఫైలు మారలేదని సరిచూసుకునే సంఖ్య అయిన చెక్‌సమ్‌నూ మార్చగలరు. అందుకే దానిపై ఉన్న తయారీదారుల జీపీజీ డిజిటల్ సంతకాన్ని కూడా సరిచూడాలి.

అప్‌డేట్లను వాయిదా వేయకండి. 2011 నుంచి సుడోలోనే దాగి ఉన్న ఒక లోపం, మామూలు ఖాతాకు రూట్ అధికారం దక్కనిచ్చే లోపం, 2021 జనవరిలో బయటపడింది. అప్‌డేట్ వేసుకున్నవారికి ఆ బెడద తీరిపోయింది.

ఉబుంటు అనే డిస్ట్రిబ్యూషన్‌లో, బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ మొదట ఆగి ఉంటుంది, ఒక్క ఆదేశంతో ఆన్ చేయవచ్చు. ల్యాప్‌టాప్ అయితే ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పాస్‌వర్డ్ లేనిదే డిస్కులోనివి చదవనివ్వని డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఎంచుకోండి.

చివరగా, బ్యాకప్ తీసిన బయటి డిస్కును కంప్యూటర్ నుంచి ఊడదీసి బీరువాలో పెట్టండి. నెలకొకసారి అందులోంచి ఒక ఫొటోను వెనక్కి తెచ్చి, తెరుచుకుంటోందో లేదో చూడండి.