65 వాట్ల మూడు పోర్టుల ఛార్జర్ రివ్యూ: ఒక్కరికైతే సూపర్, ఇంటికి మాత్రం వద్దు

నమస్తే అండీ. నా చేతిలో ఉన్నది 65 వాట్ల గాన్ (GaN, అంటే గాలియం నైట్రైడ్) ఛార్జర్. రెండు టైప్-సి పోర్టులు, పక్కన ఒక పాత యూఎస్‌బీ పోర్టు. రివ్యూ కోసం కంపెనీ వాళ్లే ఉచితంగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, ఈ వీడియో వాళ్లూ మీతోపాటే చూస్తారు. స్పెక్స్ మీరు ఈపాటికే చూసేసి ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

ముందు మంచి చెప్తాను. సైజు నిజంగా బాగుంది. సిలికాన్ బదులు గాలియం నైట్రైడ్ వాడితే లోపల స్విచింగ్, అంటే కరెంట్‌ని ఆన్, ఆఫ్ చేయడం, చాలా వేగంగా జరుగుతుంది, దాంతో ట్రాన్స్‌ఫార్మర్ చిన్నది పెట్టినా సరిపోతుంది. నా పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ బ్యాగులో బోలెడు చోటు తినేది, ఇది జేబులో పడుతుంది. ల్యాప్‌టాప్ ఒక్కటే పెట్టుకుని పని చేసుకున్నంతసేపూ నాకు ఒక్క కంప్లైంట్ కూడా లేదు.

చిక్కంతా రెండో వైరు పెట్టినప్పుడే.

ల్యాప్‌టాప్ ఛార్జ్ అవుతూ ఉంటుంది. మా అబ్బాయి వచ్చి పక్క పోర్టులో తన ఫోన్ పెడతాడు. అంతే, ల్యాప్‌టాప్‌కి కరెంట్ ఆగిపోతుంది, స్క్రీన్ డిమ్ అవుతుంది, కాసేపటికి టింగుమని మళ్లీ మొదలవుతుంది. వాడు ఫోన్ తీసేసినప్పుడు మళ్లీ అదే తంతు. ఇది పీస్ పాడై కాదండీ. ఉన్న 65 వాట్లని 45, 20గా పంచడానికి ఈ ఛార్జర్ అన్ని పోర్టుల్నీ ఒక్కసారి ఆపేసి, ఏ వస్తువుకి ఎన్ని వోల్టులు ఇవ్వాలో మళ్లీ మొదటి నుంచి తేల్చుకుంటుంది. మల్టీ పోర్ట్ ఛార్జర్లలో చాలావాటికి ఈ అలవాటు ఉంది.

బ్యాటరీ ఉన్నవి ఎలాగో తట్టుకుంటాయి. లేనివాటి సంగతేంటి? టీవీ స్ట్రీమింగ్ స్టిక్‌ని మూడో పోర్టుకి కలిపాను. అమ్మ సినిమా చూస్తోంది, సరిగ్గా క్లైమాక్స్‌లో ఎవరో ఫోన్ పెట్టారు. స్టిక్ ఆఫ్ అయిపోయి, లోగో వచ్చి, మొత్తం మొదటి నుంచి ఆన్ అయింది. "ఎవర్రా ఆపింది?" అని అమ్మ కేక. ఎవరూ ఆపలేదమ్మా, ఛార్జర్ ఆపింది! రాత్రిళ్లు ఇంకా చిరాకు. మా ఆవిడ తన ఫోన్ తీసుకుంటే నా ఫోన్ వెలిగి మోగుతుంది, నా నిద్ర చెడుతుంది.

ఇంతకు ముందు నా దగ్గర ఉన్న ఛార్జర్ దీనికంటే లావు, స్పీడూ తక్కువే. కానీ అందులో ఏ పోర్టు పవర్ దానికే ఫిక్స్‌డ్. ఒకరి వైరు పీకితే ఇంకొకరికి తెలిసేది కూడా కాదు. నాకు కావలసింది ఆ ప్రశాంతత.

ఇది చిన్న విషయం అని కొట్టిపారేయకండి. 2024 డిసెంబర్ 28 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే కొత్త ఫోన్లు, ట్యాబ్‌లు, ఇయర్‌బడ్స్‌కి టైప్-సి తప్పనిసరి అయింది. ఇప్పుడు ఇంట్లో దాదాపు అన్నిటికీ ఒకే వైరు సరిపోతోంది. అంటే అందరూ ఒకే ఛార్జర్ దగ్గరికి వస్తారు. అలాంటప్పుడు పంచుకోవడం చేతకాని ఛార్జర్ ఎందుకండీ?

ఇంకో మాట. బాక్సులో ఇచ్చిన కేబుల్ 60 వాట్లదే. అది 3 ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. 20 వోల్టుల దగ్గర 65 వాట్లు రావాలంటే 3.25 ఆంపియర్లు కావాలి, అంటే 5 ఆంపియర్ల కేబుల్ వేరే కొనుక్కోవాల్సిందే. ఇది అన్యాయం.

ఒంటరిగా తిరిగేవాళ్లు, ఒక ల్యాప్‌టాప్ మాత్రమే పెట్టుకునేవాళ్లు కళ్లు మూసుకుని కొనండి. నలుగురున్న ఇంటికి మాత్రం నేను వద్దనే చెప్తాను. దాని బదులు సింగిల్ పోర్ట్ ఛార్జర్లు రెండు తీసుకోండి. కంపెనీ వాళ్లకి ఒక్క రిక్వెస్ట్: రెండో వైరు పెడితే మొదటిది ఆగుతుందా లేదా అన్నది బాక్సు మీద పెద్ద అక్షరాలతో రాయండి. మీ ఇంట్లో ఛార్జర్ కూడా ఇలాగే చేస్తుంటే దాని మోడల్ పేరు కింద కామెంట్లో పెట్టండి, నెక్స్ట్ వీడియోలో వాటినే టెస్ట్ చేస్తాను.