జాబ్ షాప్ షెడ్యూలింగ్‌కి జెనెటిక్ అల్గారిథమ్: అసలు పనంతా డీకోడర్‌లోనే

నమస్కారం. జాబ్ షాప్ షెడ్యూలింగ్‌ని ఈ రోజు జెనెటిక్ అల్గారిథమ్‌తో చేద్దాం. ప్రతి జాబ్ తనకంటూ ఉన్న క్రమంలో మెషీన్ల మీదుగా వెళ్లాలి, ఒక మెషీన్ మీద జరిగే ఒక్కో పని ఒక ఆపరేషన్; ఏది ఎప్పుడు చేయాలో తేల్చడమే జాబ్ షాప్ షెడ్యూలింగ్. జెనెటిక్ అల్గారిథమ్ అంటే చాలా జవాబుల్ని పెట్టుకుని, మంచివాటిని కలిపి, కొద్దిగా మార్చి, తరం తరానికీ మెరుగుపరిచే పద్ధతి. డేటా కోసం వెతుక్కోనక్కర్లేదు. ఫిషర్, థాంప్సన్ 1963లో ఇచ్చిన ఎఫ్‌టీ06 అనే నమూనా లెక్క ఉంది: 6 జాబులు, 6 మెషీన్లు, 36 ఆపరేషన్లు. దీని కనిష్ఠ మేక్‌స్పాన్, అంటే అన్ని పనులూ పూర్తవడానికి పట్టే సమయం, 55. జవాబు తెలిసిన లెక్కతో మొదలుపెడితే మన కోడ్‌లో తప్పులు తొందరగా బయటపడతాయి.

ముందు క్రోమోజోమ్, అంటే ఒక షెడ్యూల్‌ని సూచించే అంకెల వరుస; అందులో ఒక్కో అంకె ఒక జీన్. ప్రారంభ సమయాల్ని జీన్లుగా పెట్టకండి, క్రాస్‌ఓవర్ (రెండు క్రోమోజోములు కలిపి కొత్తది చేయడం) చేయగానే దాదాపు అన్నీ చెల్లని షెడ్యూళ్లు అవుతాయి. జాబ్ నంబర్లే రాయండి, ఒక్కోటి ఆరుసార్లు. ఎడమ నుంచి చదువుతుంటే 1 మొదటిసారి కనిపిస్తే జాబ్ 1 మొదటి ఆపరేషన్, రెండోసారి కనిపిస్తే రెండోది. ఎలా కలగలిపినా జాబ్‌లోని క్రమం చెడదు.

ఈ వరుసని చదివి షెడ్యూల్‌గా మార్చే భాగమే డీకోడర్. స్క్రీన్ మీద చూడండి: 1, 3, 2, 1, 1. జాబ్ 1 మెషీన్ 3 మీద 1 యూనిట్, అంటే 0 నుంచి 1. జాబ్ 3కీ అదే మెషీన్ కావాలి, 5 యూనిట్లు: 1 నుంచి 6. జాబ్ 2 మెషీన్ 2 మీద 0 నుంచి 8. మళ్లీ జాబ్ 1, మెషీన్ 1 మీద 1 నుంచి 4. ఐదో జీన్ దగ్గర ఆగండి. జాబ్ 1 అయితే 4కే సిద్ధం, కానీ దానికి కావాల్సిన మెషీన్ 2 ఎనిమిది దాకా ఖాళీ లేదు. రెండింట్లో ఏది ఆలస్యమైతే అక్కడే మొదలు: 8 నుంచి 14.

ఇప్పుడు మెషీన్ 2కి 10 నుంచి 13 దాకా మెయింటెనెన్స్ పెడదాం. పనిని మధ్యలో ఆపకూడదు. 8కి మొదలుపెడితే 10లోపు అవ్వదు, కాబట్టి 13కి మొదలై 19కి పూర్తవుతుంది. ఇలా జరపడం డీకోడరే చేయాలి. దీన్ని పెనాల్టీకి, అంటే నియమం తప్పిన షెడ్యూల్ స్కోరును చెడగొట్టడానికి, వదిలేస్తే, పెనాల్టీ చిన్నదైతే చెల్లని షెడ్యూలే గెలుస్తుంది. మరీ పెద్దదైతే తప్పు ఎక్కడుందో చెప్పకుండా మంచి జీన్లను కూడా తుడిచేస్తుంది. పెనాల్టీని డ్యూ డేట్ లాంటి, కొంచెం దాటినా పర్వాలేదనుకునే వాటికే ఉంచండి.

రెండు పేరెంట్లనీ ఒకచోట కోసి ముక్కలు అతికించే మామూలు వన్ పాయింట్ క్రాస్‌ఓవర్ ఇక్కడ పనికిరాదు. ఒక జాబ్ ఏడుసార్లు, ఇంకోటి ఐదుసార్లు వచ్చేస్తుంది. దాని బదులు కొన్ని జాబులు ఎంచుకోండి, ఉదాహరణకి 2, 5. అవి మొదటి పేరెంట్‌లో ఏ స్థానాల్లో ఉన్నాయో పిల్లలోనూ అక్కడే ఉంచి, మిగతా ఖాళీల్ని మిగిలిన జాబులతో, అవి రెండో పేరెంట్‌లో ఉన్న వరుసలో నింపండి. మ్యుటేషన్‌కి, అంటే ఒక క్రోమోజోమ్‌లో చిన్న మార్పుకి, రెండు జీన్ల స్థానాలు ఒకదానితో ఒకటి మార్చితే చాలు. ఆ రెండూ ఒకే జాబ్‌వి కాకుండా చూసుకోండి, లేకపోతే ఏమీ మారదు.

పాపులేషన్ (ఒక తరంలోని క్రోమోజోములు) 100, టోర్నమెంట్ సైజ్ (పేరెంట్‌ని ఎంచడానికి ఎన్నింటిని పోల్చాలో) 3, క్రాస్‌ఓవర్ 0.9, మ్యుటేషన్ 0.2, ప్రతి తరంలో మేటి రెండింటిని అలాగే దాటించండి. ఎఫ్‌టీ06కి మొదలుపెట్టడానికి ఇవి సరిపోతాయి. తరాల వారీ మేక్‌స్పాన్ గ్రాఫ్ తొందరగా చదునైపోతే పాపులేషన్‌లో ఒకేలాంటి క్రోమోజోములు ఎన్నున్నాయో లెక్కపెట్టి, నకళ్ల స్థానంలో కొత్తవి వేయండి.

మెయింటెనెన్స్ తీసేసి నడిపినప్పుడు 55 కంటే తక్కువ వస్తే సంబరపడకండి. డీకోడర్‌లో తప్పున్నట్టే, ఉదాహరణకి రెండు పనులు ఒకే మెషీన్ మీద ఒకేసారి నడుస్తుండవచ్చు.

ఆ తర్వాత ఎఫ్‌టీ10 ప్రయత్నించండి. 10 జాబులు, 10 మెషీన్లు. 930 కనిష్ఠమని 1989లో కార్లియే, పిన్సన్ నిరూపించారు. దీని దగ్గర ఉత్త జెనెటిక్ అల్గారిథమ్ తరచూ ఇరుక్కుంటుంది. అప్పుడు ప్రతి పిల్ల షెడ్యూల్‌లో క్రిటికల్ పాత్ (మేక్‌స్పాన్‌ని నిర్ణయించే, మధ్యలో ఖాళీ లేని పనుల గొలుసు) గీసి, దాని మీద ఒకే మెషీన్‌లో పక్కపక్కన ఉన్న రెండు ఆపరేషన్లను తారుమారు చేసి చూడండి. మేక్‌స్పాన్ తగ్గితే ఆ కొత్త వరుసనే క్రోమోజోమ్‌లోకి తిరిగి రాయండి.