వ్యభిచార గృహానికి శాశ్వత అనుమతి ఇవ్వాలా?

శ్రోతలకు నమస్కారం.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో వ్యభిచార గృహం పెట్టాలంటే స్థానిక కౌన్సిల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. మనం ఇంటికి ప్లాన్ పాసు చేయించుకున్నట్టే. 1995లో చట్టం మారినప్పటి నుంచి ఇదే పద్ధతి. అంతకుముందు ఈ ఇళ్లు పోలీసుల దయాదాక్షిణ్యాల మీద బతికేవి, లంచాలు నడిచేవి.

అసలు పేచీ 'శాశ్వత' అన్న మాట దగ్గర వస్తుంది. ఒక్కోసారి కౌన్సిల్ ముందు గడువు పెట్టి అనుమతిస్తుంది. గడువు తీరాక నిర్వాహకులు శాశ్వతం చేయమంటారు. ఇరుగుపొరుగు గుండెల్లో రాయి పడేది అప్పుడే. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను. అక్కడ అనుమతి మనిషికి కాదు, స్థలానికి. ఈ యజమాని పద్ధతిగానే నడపవచ్చు. రేపు అమ్మేసి వెళ్తే, కొన్నవాడికీ అదే కాగితం చెల్లుతుంది.

2004లో మార్టిన్ అనే వ్యక్తికీ, హార్న్స్‌బీ కౌన్సిల్‌కూ మధ్య నడిచిన కేసులో అక్కడి ల్యాండ్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కోర్టు కొన్ని సూత్రాలు చెప్పింది. ఇళ్లను, బడిని ఆనుకుని ఉండకూడదు, అక్కడి నుంచి కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించకూడదు. వచ్చేవాళ్లు వీధిలో గుమిగూడకూడదు. అయితే పిల్లలు నడిచే ప్రతి వీధిలోనూ వీటిని వద్దననక్కర్లేదు. నేరాలు పెరుగుతాయని వాదించేవాళ్లు ఆధారం చూపాలి. ఈ చివరి మాట నాకు ఎంతో న్యాయంగా తోచింది.

మన దేశంలో దారి వేరు. 1956 నాటి చట్టం ప్రకారం గుడికి, బడికి, ఆసుపత్రికి 200 మీటర్ల లోపు ఈ వృత్తి చేస్తే ఆ మహిళకే జైలు శిక్ష పడవచ్చు.

న్యూ సౌత్ వేల్స్‌లో అనుమతి ఉన్న ఇంట్లో పనిచేసే మహిళకు ఆ భయం లేదు కానీ, చాలా కౌన్సిళ్లు ఇలాంటి వాటిని ఫ్యాక్టరీల ప్రాంతానికి నెట్టేశాయి. సాయంత్రమైతే షట్టర్లు దించేసే వీధులవి. పని ముగించుకుని అర్ధరాత్రి బయటికొచ్చే ఆడమనిషికి పలకరించే దిక్కుండదు. పైగా అనుమతి గడువు దగ్గరపడుతుంటే, తాగి గొడవ చేసినవాడి మీద పోలీసులకు చెప్పడానికీ ఆమె జంకుతుంది. ఆ ఫిర్యాదే రేపు ఫైలులో చేరి, తన పని పోగొడుతుందేమోనని.

శాశ్వత అనుమతి ఫైలు చూసే అధికారికి నా విన్నపం ఒకటుంది. గడువు కాలంలో చుట్టుపక్కల వాళ్లు ఏమన్నారో అడగండి. లోపల పనిచేసేవాళ్లనూ అడగండి, యజమాని పక్కన లేనప్పుడు.