ఎపిసోడ్ 61: బ్యాగు వెనక్కి తిప్పండి

శ్రీకాంత్: ఎర్ర లైటు వచ్చింది. వదినా, స్టూలు జరపకండి.

పద్మజ: నేను ముట్టుకోలేదు. పోయినసారి కూడా నేను ముట్టుకోలేదు.

శ్రీకాంత్: ఎవరు ముట్టుకున్నారో విన్నవాళ్ళందరికీ తెలుసు. సరే, నమస్కారం, నాలుగు కాళ్ళ కబుర్లకి స్వాగతం. నేను శ్రీకాంత్, ఎదురుగా మా వదిన పద్మజ, బల్ల కింద నా కుక్క బూందీ, బల్ల మీదకి ఎక్కాలని చూస్తున్నది వదిన వాళ్ళ లాబ్రడార్ జున్ను. ఇవాళ చాలామంది అడుగుతున్న ఎపిసోడ్. కుక్కల తిండి బ్యాగులు ఐదు తెచ్చాం. ఐదింటి లేబుళ్ళూ చదివి, ఏది ఏమిటో చెబుతాం.

పద్మజ: ఐదు బ్యాగులు కాదు. నాలుగు బ్యాగులు, ఒక పౌచ్. దాని లెక్క వేరు.

శ్రీకాంత్: మొదలైంది. తూకం తెచ్చారా?

పద్మజ: తూకం లేకుండా నేను ఎక్కడికైనా వచ్చానా?

(నవ్వులు)

శ్రీకాంత్: మొదటి బ్యాగు. పేర్లు చెప్పం. ముందువైపు చికెన్ కాలు బొమ్మ, క్యారెట్లు, బఠాణీలు, ఒక గోల్డెన్ రిట్రీవర్ నవ్వుతోంది.

పద్మజ: తిప్పు. ముందువైపు ఉన్నదంతా పెళ్ళి ఫోటో. కాపురం వెనకాల ఉంటుంది.

శ్రీకాంత్: తిప్పాను. దినుసులు... ధాన్యాలు, ధాన్యపు ఉప ఉత్పత్తులు. తర్వాత చికెన్, చికెన్ ఉప ఉత్పత్తులు. సోయా. నూనె. ఖనిజాలు, విటమిన్లు, ఉప్పు. రంగు.

పద్మజ: బరువులో ఏది ఎక్కువైతే అది ముందు రాస్తారు. కాబట్టి ఈ బ్యాగులో ఎక్కువగా ఉన్నది ధాన్యం. పాపం వీళ్ళు దాచలేదు. ఇంతకంటే తెలివైనవాళ్ళు ఉంటారు. మొక్కజొన్న ఒకచోట, మొక్కజొన్న గ్లూటెన్, అంటే దాని ప్రొటీన్, ఇంకోచోట, మొక్కజొన్న తవుడు మరోచోట రాస్తారు. మూడూ కలిపితే ముందుకి రావాల్సింది, ముక్కలయ్యాక వెనక్కి పోతుంది. చికెన్ పైకి వస్తుంది.

శ్రీకాంత్: అయితే చికెన్ మొదట ఉంటే మంచి బ్యాగే కదా?

పద్మజ: ఏ చికెన్? పచ్చి చికెన్ అయితే నూటికి డెబ్బై పాళ్ళు నీళ్ళు. తూకం వేసేది ఆ నీళ్ళతోనే. 20 కిలోల చికెన్, 18 కిలోల మొక్కజొన్న పోశారనుకో. జాబితాలో చికెన్ ముందు. ఉడికించి ఆరబెట్టాక చికెన్ 6 కిలోలకి దిగుతుంది, మొక్కజొన్న 16 దగ్గర ఆగుతుంది. జాబితా అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు. అదే చికెన్ మీల్ అని రాస్తే ముందే ఆరబెట్టి పొడి చేసిన సరుకు, నీళ్ళు తీసేసిన లెక్క.

శ్రీకాంత్: కానీ ఈ ఉప ఉత్పత్తులు అనే మాట చూస్తేనే నాకు ఏదోలా ఉంటుంది.

పద్మజ: నిన్న రాత్రి బోటీ కూర రెండోసారి ఎవరు వేయించుకున్నారు?

శ్రీకాంత్: అది వేరు.

పద్మజ: ఏం వేరు? లివర్, గుండె, ఊపిరితిత్తులు, పేగులు. మనం తింటే బోటీ, తలకాయ కూర, ఆదివారం స్పెషల్. జున్ను తింటే ఉప ఉత్పత్తి, ఛీ. లివర్‌లో ఉన్న విటమిన్ ఎ, ఇనుము బ్రెస్ట్ ముక్కలో ఎక్కడివి? నాకు ఆ మాటతో గొడవ లేదు. ఏ ఉప ఉత్పత్తో, ఎంతో చెప్పకపోవడంతోనే గొడవ.

శ్రీకాంత్: సరే, కింద పట్టీ. ప్రొటీన్ కనీసం 20 శాతం. కొవ్వు కనీసం 10. పీచు 5కి మించదు. తేమ 12కి మించదు.

పద్మజ: అన్నీ కూడు.

శ్రీకాంత్: 47.

పద్మజ: బూడిద, అంటే ఖనిజాలు, ఒక 8 వేసుకో. 55. మిగిలిన 45 పిండిపదార్థం. అది లేబుల్ మీద ఎక్కడా ఉండదు, మనమే తీసుకోవాలి. ఇక ఆ పౌచ్ చూడు.

శ్రీకాంత్: ప్రొటీన్ 8 శాతం. అయ్యో. బ్యాగులో 20, దీంట్లో 8?

పద్మజ: తేమ?

శ్రీకాంత్: 80.

పద్మజ: నీళ్ళు తీసెయ్యి. నూటిలో 80 పోతే మిగిలింది 20. ఆ 20లో 8 ప్రొటీన్. అంటే 40 శాతం. బ్యాగులో 88కి 20, అంటే 23కి అటూఇటూ. ఇప్పుడు చెప్పు ఏది ఎక్కువో. మా డెయిరీ ల్యాబులో చేరిన మొదటి వారం పిల్లలకి నేర్పేది ఇదే. నీళ్ళు తీసి చూడు, తర్వాత మాట్లాడు.

అమ్మ: (దూరం నుంచి) ఒరేయ్ శ్రీకాంతూ, దానికి పెరుగన్నం కలపనా? ఆకలిగా చూస్తోంది.

శ్రీకాంత్: అమ్మా, రికార్డింగ్!

అమ్మ: అయితే ఏం, దాని కడుపుకి తెలుసా రికార్డింగ్ అని?

పద్మజ: అత్తయ్యా, ఎవరు, జున్నేనా? జున్ను ఎప్పుడూ ఆకలిగానే చూస్తుంది. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకి ఆకలి తీరినట్టు తెలియనివ్వని జన్యువు తేడా ఉందని 2016లోనే కేంబ్రిడ్జ్ వాళ్ళు చెప్పారు. దాని మొహం నమ్మకండి.

అమ్మ: మా నల్లోడు తెనాల్లో పెరుగన్నం తిని పద్నాలుగేళ్ళు బతికాడు. వాడికి ఏ బ్యాగు కొన్నాం?

శ్రీకాంత్: ఇది మాత్రం నిజం వదినా. నల్లోడు పద్నాలుగేళ్ళు. సైన్సు కూడా ఉంది. 2013లో స్వీడన్‌లోని ఊప్సాలా యూనివర్సిటీ వాళ్ళు తోడేళ్ళ జన్యువుల్నీ కుక్కల జన్యువుల్నీ పోల్చారు. పిండి అరిగించే అమైలేజ్ జన్యువు తోడేలుకి రెండే కాపీలు. కుక్కల్లో నాలుగు నుంచి ముప్ఫై దాకా. మనిషి వ్యవసాయం చేశాక మన ఎంగిలి తిని తిని అలా మారిందన్నమాట. ధాన్యం కుక్కకి విషం అనేవాళ్ళకి ఇదే సమాధానం.

పద్మజ: ధాన్యం విషం అని నేను అన్నానా? ధాన్యం లేని బ్యాగులు కొని గొప్పలు చెప్పుకునేవాళ్ళకే చెప్పు. 2018లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అలాంటి తిండికీ, కుక్కల గుండె సాగిపోయే జబ్బుకీ సంబంధం ఉందా అని దర్యాప్తు మొదలుపెట్టింది. గోధుమ తీసేసి బఠాణీలు, పప్పులు పోసిన బ్యాగులే ఎక్కువ. ఇప్పటికీ కారణం ఇదీ అని తేలలేదు. అరుగుతుంది అనేది ఒక మాట. సరిపోతుంది అనేది ఇంకో మాట. నల్లోడు పెరుగన్నం ఒక్కటే తిన్నాడా?

అమ్మ: పొద్దున, రాత్రి, రెండుపూటలా నేనే పెట్టేదాన్ని.

పద్మజ: మధ్యాహ్నం ఎక్కడ ఉండేవాడు అత్తయ్యా?

అమ్మ: ఊళ్ళో.

పద్మజ: ఊళ్ళో ఏం తినేవాడు?

అమ్మ: అది నాకెలా తెలుస్తుంది?

పద్మజ: చూశారా! మాంసం కొట్టు దగ్గర ముక్కలు, చేలల్లో ఎలకలు, పెళ్ళిళ్ళలో విస్తళ్ళు, కోళ్ళ ఫారం వెనకాల గుడ్లు. ఎవరు తూకం వేశారు? మనకి లెక్క తెలిసిన భాగం పెరుగన్నం. వాణ్ణి బతికించిన భాగం ఊరు. జున్ను మియాపూర్‌లో నాలుగో అంతస్తులో ఉంటుంది. లిఫ్ట్ దిగి ఎలకని పట్టుకోదు. దాని గిన్నెలో నేను వేసిందే దాని లోకం.

శ్రీకాంత్: అయినా పద్నాలుగేళ్ళు పద్నాలుగేళ్ళే.

పద్మజ: ఆ ఈతలో పిల్లలు ఎన్ని?

అమ్మ: ఆరు. వీడొక్కడే మిగిలాడు.

(నిశ్శబ్దం)

పద్మజ: మిగిలినవాణ్ణే మనం లెక్కపెడతాం.

శ్రీకాంత్: అయిదూ తిండి వల్లే పోలేదు కదా వదినా. రోడ్డు, డిస్టెంపరు జబ్బు...

పద్మజ: కాదనలేదు. అందుకే ఒక్క నల్లోణ్ణి పట్టుకుని ఏదీ రుజువు చేయలేం అంటున్నాను. నీ వైపూ, నా వైపూ. చింటూ సంగతి నేను ఎత్తడం లేదు.

శ్రీకాంత్: ఎత్తారుగా ఇప్పుడు.

పద్మజ: సారీ. నిజంగా సారీ. కట్ చేద్దాం.

శ్రీకాంత్: వద్దు, ఉంచుదాం. నేను చెప్తాను. చింటూ నా మొదటి కుక్కపిల్ల, బూందీ కంటే ముందు. పెద్ద జాతి పిల్ల, రెండు నెలలప్పుడు తెచ్చాను. బ్యాగులో కెమికల్స్ అని నాకు అప్పట్లో పిచ్చి. అన్నం, బోన్‌లెస్ చికెన్, పసుపు. రోజూ నా చేత్తో వండేవాణ్ణి. స్టేటస్‌లు కూడా పెట్టాను. నాలుగో నెలలో ముందు కాళ్ళు వంగాయి. నడిస్తే ఏడ్చేది. డాక్టరు గారు ఎక్స్‌రే వెలుగుకి పట్టి, ఎముక చూడు ఎంత పలచగా ఉందో అన్నారు. బోన్‌లెస్ చికెన్‌లో క్యాల్షియం కంటే ఫాస్ఫరస్ దాదాపు పదిహేను రెట్లు. కుక్కపిల్లకి క్యాల్షియం కనీసం ఫాస్ఫరస్‌తో సమానంగా ఉండాలి, కొంచెం ఎక్కువైనా పర్వాలేదు. నేను పెట్టింది తలకిందులు. తిండిలో దొరక్కపోతే ఒళ్ళు ఎముకల్లోంచి లాక్కుంటుంది. ప్రేమగానే పెట్టాను. అదే బాధ.

అమ్మ: ఎముక పెట్టొద్దని నేనే అన్నాను. గొంతులో గుచ్చుకుంటుందని.

శ్రీకాంత్: ఉడికిన ఎముక పెట్టకూడదమ్మా, నువ్వన్నది కరెక్టే. ఎముక మానేసినప్పుడు దాని బదులు ఏం వేయాలో నాకు తెలియలేదు. నీ తప్పు కాదు.

పద్మజ: పెరుగన్నం పెట్టి ఉంటే క్యాల్షియం కాస్త నయంగా ఉండేది, అత్తయ్యకి ఆ మార్కు వేయాలి. పెరుగులో ఉంటుంది. ప్రొటీన్, జింకు, ఇనుము మాత్రం చాలవు.

అమ్మ: వేసుకో మార్కు, నాకేం.

శ్రీకాంత్: దీనికి ఇంకోవైపు కూడా ఉంది, వినేవాళ్ళు జాగ్రత్త. పప్పీ బ్యాగు పెడుతూ, దాని మీద రోజూ క్యాల్షియం సిరప్ పోసేవాళ్ళు ఉన్నారు. షాపులో అలవాటుగా చేతిలో పెడతారు. చిన్న వయసులో పిల్లకి ఎక్కువైన క్యాల్షియాన్ని ఆపుకునే శక్తి ఉండదు, పేగు లాగేసుకుంటుంది. పెద్ద జాతి పిల్లలకి దానివల్లా ఎముకలు పాడవుతాయి. పప్పీలకి సరిపోయేలా చేసిన బ్యాగైతే అందులోనే ఉంటుంది. డాక్టరు చెప్పకుండా సిరప్ వద్దు.

పద్మజ: ఎంఎల్‌లో కొలవని సిరప్ మరీ వద్దు.

శ్రీకాంత్: తూకం తిరిగొచ్చింది. సరే, రెండో బ్యాగు.

పద్మజ: ఆగు, ప్రొటీన్ మాట పూర్తి కాలేదు. లేబుల్ మీద ముడి ప్రొటీన్ అని ఉంటుంది. ఎందుకు ముడి? మేం ప్రొటీన్‌ని నేరుగా కొలవం. నత్రజని కొలిచి 6.25తో గుణిస్తాం. పాలకైతే 6.38. ఆ నత్రజని ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పరీక్షకి తెలియదు. తోలు నుంచి వచ్చినా, గుడ్డు నుంచి వచ్చినా ఒకటే అంకె. 2007లో అమెరికాలో ఏం జరిగింది? చైనా నుంచి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిపారు, ప్లాస్టిక్ తయారీలో వాడే కెమికల్. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. పరీక్షలో ప్రొటీన్ బ్రహ్మాండం. గిన్నెలో కుక్కల, పిల్లుల కిడ్నీలు పోయాయి. ఒక్క కంపెనీయే 6 కోట్లకు పైగా డబ్బాలు, పౌచ్‌లు వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాది చైనాలో పసిపిల్లల పాలపొడిలోనూ అదే మెలమైన్. ఆ ఏడు మా ల్యాబులో ఎవరికీ నిద్ర లేదు.

శ్రీకాంత్: అంటే 20 శాతం అని రాస్తే దేన్ని నమ్మాలి?

పద్మజ: అంకెని కాదు, అంకె వెనకాల మనిషిని అడగాలి. ఈ తిండి ఎవరు తయారుచేశారు, పోషకాహార నిపుణులు ఉన్నారా? బ్యాచ్ బ్యాచ్‌కీ పరీక్ష చేస్తారా? వంద గ్రాములకి క్యాలరీలెన్ని, ఫాస్ఫరస్ ఎంత? నేను ఈ నెల రెండు కంపెనీలకి మెయిల్ పెట్టాను.

శ్రీకాంత్: జవాబు?

పద్మజ: ఒకళ్ళు రెండు పేజీల పట్టిక పంపారు. ఇంకొకళ్ళు పది శాతం డిస్కౌంట్ కూపన్ పంపారు.

(నవ్వులు)

శ్రీకాంత్: ఏది కొన్నారు?

పద్మజ: కూపన్ వాళ్ళది కాదులే. ఇంకోటి, వినేవాళ్ళు తిట్టుకున్నా సరే, లూజుగా కొనకండి. షాపులో పెద్ద బస్తా విప్పి కిలో లెక్కన ఇస్తారు చూడు. అందులో బ్యాచ్ నంబరు ఉండదు, గడువు తేదీ ఉండదు. విప్పిన దగ్గర్నుంచీ కొవ్వు గాలికి ముక్కిపోతుంటుంది. వానాకాలం అయితే బూజు. మొక్కజొన్న బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కుక్క లివర్‌ని తినేస్తుంది. 2021 జనవరిలో అమెరికాలో ఒక బ్రాండు తిండి తిని డెబ్బైకి పైగా కుక్కలు చచ్చిపోయాయని వార్త వచ్చింది, ఆ తర్వాత లెక్క ఇంకా పెరిగింది. అది సీలు వేసిన బ్యాగే. ఇంక విప్పిన బస్తా సంగతి చెప్పాలా?

శ్రీకాంత్: నేను లూజే కొంటాను వదినా.

పద్మజ: తెలుసు. వాసన వచ్చింది.

శ్రీకాంత్: చవక కదా! సరే, మారుస్తాను. బూందీకి రోజూ రెండు గ్లాసులు వేస్తున్నాను.

పద్మజ: ఏ గ్లాసు?

శ్రీకాంత్: స్టీలు గ్లాసు.

పద్మజ: టీ గ్లాసా, మజ్జిగ గ్లాసా? గలగల పోశావా, నొక్కి పోశావా? గ్లాసు అనే మాట నా ముందు అనకు. బూందీ 12 కిలోలు. 30తో గుణించి 70 కలుపు. 430 క్యాలరీలు, ఊరికే పడుకున్నా ఖర్చయ్యేవి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన కుక్క, ఒకటిన్నర రెట్లకి కాస్త పైన వేసుకో, 690 దాకా. నీ బ్యాగులో వంద గ్రాములకి 350 క్యాలరీలు ఉంటే రోజుకి 200 గ్రాములలోపే. నీ రెండు గ్లాసులు తూకం వేద్దాం పట్రా.

శ్రీకాంత్: ఇప్పుడా?

పద్మజ: ఇప్పుడే. లాబ్రడార్ల మీద ఒక పాత పరిశోధన ఉంది కదా, 48 కుక్కలు, సగానికి పాతిక శాతం తక్కువ పెట్టారు. అవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి. ఏ బ్యాగు కొనాలి అని అందరూ అడుగుతారు, ఎంత వేయాలి అని ఒక్కరూ అడగరు.

శ్రీకాంత్: ఇదిగో. ఒకటి... రెండు.

పద్మజ: 292.

శ్రీకాంత్: తూకం తప్పు.

పద్మజ: నా తూకమా?

శ్రీకాంత్: మరి పైన బిస్కెట్లు కూడా లెక్కేనా?

పద్మజ: ఏ బిస్కెట్లు?

అమ్మ: నేనేం పెట్టలేదు.

శ్రీకాంత్: అమ్మా.

అమ్మ: టీ తాగేటప్పుడు రెండు. పొద్దున రెండు. వాడొచ్చినప్పుడు...

పద్మజ: గ్లూకోజ్ బిస్కెట్లేనా అత్తయ్యా? ఒక్కోటి 20 క్యాలరీల పైనే. మొత్తం ఎన్ని? నిజం చెప్పండి.

అమ్మ: ఎనిమిది. చిన్నవే.

పద్మజ: ఎనిమిది!

శ్రీకాంత్: వదినా, ఇంకా మూడు బ్యాగులున్నాయి, టైము... జున్నూ! జున్నూ, అది తూకం మీద ఉన్నది, తినకు!

పద్మజ: తిననీ, ఎంత తిందో అంకె తగ్గుతుంది కదా, చూస్తాను. స్టూలు పట్టుకో, స్టూలు...