రాయిని చూసి రండి

అందరికీ నమస్కారం. ఈ గ్రంథాలయం తరఫున నన్ను పిలిచినవారు, "మాస్టారూ, అమెరికా వెళ్లొచ్చారు కదా, ఆ విశేషాలు నాలుగు చెప్పండి" అన్నారు. అన్నీ చెప్పను. ఒక్క జలపాతం గురించే చెబుతాను. భూగోళం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు అదే పెద్ద విశేషం.

మా అమ్మాయి వాళ్లుండేది ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ దగ్గర. అక్కడి నుంచి కొలంబియా నది ఒడ్డునే తూర్పుగా 50 కిలోమీటర్లు పోతే మల్ట్‌నోమా జలపాతం. కొండలెక్కి అడవిలో నడవక్కర్లేదు, హైవే మీద కారులోంచే కనిపిస్తుంది. కారు ఆపేచోటు హైవే రెండు దారుల మధ్యలో ఉంటుంది. రోడ్డు కింద సొరంగంలోంచి నడిచి అవతలకి వెళ్లాలి. వేసవిలో ఆ చోటుకి ముందే టికెట్ తీసుకోవాలి. వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

మొత్తం ఎత్తు 620 అడుగులు. రెండు అంచెలుగా పడుతుంది. కింది అంచె 69 అడుగులు, అంటే దాదాపు మన విజయనగరం గంటస్తంభమంత. పై అంచె 542 అడుగులు. మిగతా తొమ్మిది అడుగులు రెండింటి మధ్య వాలు. ఎనిమిది గంటస్తంభాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ఆ కొసనుంచి నీళ్లు వదిలినట్టు ఊహించుకోండి. రెండు అంచెల మధ్య 1914లో కట్టిన చిన్న వంతెన ఉంది. కలప వ్యాపారి సైమన్ బెన్సన్ పేరుతో దాన్ని పిలుస్తారు. వంతెన మీద నిలబడితే తుంపర మొహానికి కొడుతుంది. మా మనవడు కేరింతలు కొడుతున్నాడు. నాకు మాత్రం చూపు నీళ్ల వెనకున్న నల్లటి గోడ మీదే నిలిచిపోయింది.

ఆ గోడంతా లావా. సుమారు కోటీ 60 లక్షల ఏళ్ల కిందట, అక్కడికి తూర్పున చాలా దూరంలో నేల నిలువునా పగిలి, కరిగిన రాయి వరదలా పారింది. ఒక వరద చల్లారి గట్టిపడ్డాక దాని మీదికి మరొకటి వచ్చింది. వంతెన మీద నుంచి చూస్తే ఆ పొరలు విడివిడిగా తెలుస్తాయి. చల్లారేటప్పుడు రాయి కుంచించుకుని నిలువుగా చీలింది. చలికాలంలో ఆ చీలికల్లో నీరు గడ్డకట్టి ఉబ్బితే బండలు ఊడిపడతాయి. 1995లో బస్సంత బండ ఒకటి పైనున్న మడుగులో పడి, వంతెన మీద ఫొటోలు దిగుతున్న పెళ్లివారిని తడిపేసింది.

సరే, రాయి వచ్చింది. మరి అంత నిటారు గోడ ఎలా వచ్చింది? ఇక్కడ ఒక మాస్టారి గురించి చెప్పాలి. జె. హార్లెన్ బ్రెట్జ్ మొదట సియాటిల్‌లో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పేవారు. కొలంబియా నది ఎగువ నేలంతా కాలినడకన తిరిగి చూసి, అక్కడి లోయలు మెల్లగా కోసుకుపోయినవి కావు, మహావరద చెక్కినవని 1923లో రాశారు. 1927లో వాషింగ్టన్ సభలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆయన మాట కొట్టిపారేశారు. అంత నీరు ఎక్కడిదన్నారు. ఆయన వెనక్కి తగ్గలేదు. ఆ నీరు మంచుయుగం చివర హిమానీనదం ఆనకట్టలా అడ్డుపడి మోంటానాలో నిలిపిన మిజూలా సరస్సుదని తర్వాత తేలింది. ఆ మంచుకట్ట ఒక్కసారి కాదు, చాలాసార్లు తెగింది. తెగినప్పుడల్లా కొలంబియా లోయలో వందల అడుగుల ఎత్తున వరద పారి అంచుల్ని నరుక్కుపోయింది. నదిలోకి వాలుగా దిగే వాగులకు కింద నేల పోయింది. వాగు గాల్లో మిగిలింది. అదే జలపాతం. బ్రెట్జ్‌గారికి 1979లో భూవిజ్ఞానంలో పెద్ద గౌరవమైన పెన్‌రోజ్ పతకం ఇచ్చారు. అప్పటికి ఆయన 90 దాటారు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మన గెడ్డలు శ్రావణ భాద్రపదాల్లో పొంగి, ఎండలు ముదిరేసరికి ఇసుక తేలతాయి. మల్ట్‌నోమా మాత్రం ఏడాది పొడుగునా పడుతుంది. పైన లార్చ్ మౌంటెన్ అనే పాత అగ్నిపర్వతం ఉంది. దాని మీది వాన, మంచు కరిగిన నీరు, ఊటలు ఆ వాగును ఎండనివ్వవు.

మల్ట్‌నోమా అన్నది ఆ నది ఒడ్డున బతికిన ఆదివాసుల పేరు. 1830ల్లో జ్వరాలు వచ్చి వాళ్ల ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయిపోయాయి. మన తూర్పు కనుమల రాయికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఖోండలైట్. అదీ మన కొండల్లోని ఖోండుల పేరే. సాలూరు ఘాట్ ఎక్కిన ప్రతిసారీ నేను పిల్లలకి ఈ మాట చెప్పేవాణ్ణి.

మన జిల్లాల కొండలు లావా కావు. నేల లోతుల్లో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన రాళ్లు, వంద కోట్ల ఏళ్ల నాటివి. లావా రాయి చూడాలంటే కొవ్వూరు దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీలకు వెళ్లాలి. అక్కడి నల్ల కంకర దక్కన్ లావా కాలానిదే, ఆరున్నర కోట్ల ఏళ్ల నాటిది.

మల్ట్‌నోమాలో రాయి ఏరుకోకూడదు, నేను తీసుకురాలేదు. ఇదిగో, ఈ నల్లది గౌరీపట్నంది. ఈ ఎర్రమచ్చలది మన కొండది. ఆ మచ్చలు గార్నెట్ గింజలు, కళింగపట్నం ఇసుకలో ఎర్రచారలుగా కనిపించేవి ఇవే. రెండూ ఒక్కో చేతిలో పెట్టుకుని బరువు చూడండి. బాబూ, ఆ భూతద్దం కూడా వాటితోపాటే వెనక వరుసకి పంపు.